ఇక నయం కాదని తేలాక: చివరి రోజుల సంరక్షణకు ఇంట్లోవాళ్ళు చేసుకోవాల్సిన ఏర్పాట్లు

"ఇక మేం చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అని డాక్టరు అన్నాక చాలా కుటుంబాలు రెండు దారుల్లో ఏదో ఒకటి పడతాయి. డబ్బున్నవాళ్ళు ఇంకో పెద్దాసుపత్రికి పరిగెత్తుతారు. లేనివాళ్ళు మనిషిని మంచం మీద పడుకోబెట్టి దేవుడి మీద భారం వేస్తారు. నిజానికి చేయాల్సింది చాలా ఉంది. నొప్పి, ఆయాసం, వాంతులు, మలబద్ధకం, నిద్ర లేకపోవడం, భయం... వీటిని అదుపులో పెట్టుకుంటే మిగిలిన నెలలో వారాలో మనిషి మనిషిలా గడపగలుగుతారు. పాలియేటివ్ కేర్ అనేది ఇదే. తెలంగాణ ప్రభుత్వం దీనికి 'ఆలన' అని పేరు పెట్టి నడుపుతోంది. ప్రపంచంలో ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఈ సంరక్షణ అవసరమైతే, అందుతున్నది 14 శాతం మందికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ఇక్కడ రాస్తున్నది ఎక్కువగా ముదిరిన క్యాన్సర్‌ను దృష్టిలో పెట్టుకుని. గుండె, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులు, పక్షవాతం, మతిమరుపు వ్యాధి ముదిరిన వాళ్ళకూ చాలావరకు వర్తిస్తుంది. మందుల మోతాదు మాత్రం ఎవరికి వారి డాక్టరే తేల్చాలి. ఇక్కడ చదివి ఎవరికీ ఏ మాత్రా వేయకండి.

ఒక్క సంగతి మొదట్లోనే చెప్పాలి. ఈ వ్యవహారంలో తప్పుడు నిర్ణయాలు ఎక్కువగా జరిగేది అర్ధరాత్రి, క్యాజువాలిటీలో, "వెంటిలేటర్ పెట్టమంటారా, వద్దంటారా, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నప్పుడు. ఆ ప్రశ్నకు జవాబు పగటిపూట, ఇంట్లో, రోగి మాట్లాడగలిగినప్పుడే సిద్ధం చేసుకోవడం కోసమే కింద చెప్పేవన్నీ.

1. అసలు పరిస్థితి ఏమిటో డాక్టరుతో తేల్చుకోండి

ఓపీలో డాక్టరు దొరికే ఐదు నిమిషాల్లో ఏం అడగాలో చాలామందికి తోచదు. ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఈ చికిత్స జబ్బు నయం కావడానికా, అదుపులో ఉంచడానికా, బాధ తగ్గించడానికా? చేయిస్తే ఎన్నాళ్ళు కలిసొస్తుంది, ఆ రోజుల్లో మనిషి ఎలా ఉంటారు? మానేస్తే ఏమవుతుంది? ముందు ముందు ఏ ఇబ్బందులు రావచ్చు?

"ఎన్నాళ్ళుంటారు?" అంటే ఏ డాక్టరూ తేదీ చెప్పలేరు. ఆ ప్రశ్న మార్చి "ఏళ్ళలో మాట్లాడుకోవాలా, నెలల్లోనా, వారాల్లోనా?" అని అడగండి. దీనికి చాలామంది నిజాయితీగానే జవాబు చెబుతారు. అమెరికా నుంచి కొడుకు ఎప్పుడు బయల్దేరాలి, మనవరాలి పెళ్ళి ముందుకు జరపాలా వద్దా అన్నవి ఆ జవాబు మీదే ఆధారపడతాయి.

పాలియేటివ్ కేర్ అంటే అన్నీ ఆపేయడం అనుకునేవాళ్ళు ఎక్కువ. కీమోతో పాటే మొదలుపెట్టొచ్చు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్ళ మీద బోస్టన్‌లో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి నుంచీ ఈ సంరక్షణ కూడా అందుకున్నవాళ్ళు తక్కువ కీమోతోనే మెరుగ్గా ఉన్నారు, ఎక్కువ కాలం కూడా బతికారు: సుమారు 11.6 నెలలు, మిగతావాళ్ళు 8.9 నెలలు.

2. రోగితో మాట్లాడండి

అన్నిటికంటే కష్టమైన పని ఇది. "మా నాన్నకి క్యాన్సరని చెప్పొద్దు డాక్టర్, గుండె ఆగిపోతుంది" అని గది బయటే బతిమాలుకునే కొడుకులు, కూతుళ్ళు మన దగ్గర కోకొల్లలు. ప్రేమతోనే అంటారు. కానీ ఆయన క్యాన్సర్ ఆసుపత్రి బోర్డు చదివే లోపలికి వచ్చారు. పక్క మంచం మనిషితో మాట్లాడారు. ఒళ్ళు తగ్గిపోవడం అద్దంలో చూసుకున్నారు. తెలిసినా పిల్లలు బాధపడతారని ఆయన బయటపడరు, ఆయన బాధపడతారని పిల్లలు బయటపడరు. ఒకే గదిలో ఉండి అందరూ ఒంటరివాళ్ళయిపోతారు.

చెప్పాలంటే ఒక్కసారిగా బాంబు వేసినట్టు చెప్పక్కర్లేదు. ఆయనకు ఎంత తెలుసో, ఇంకెంత తెలుసుకోవాలనుకుంటున్నారో ముందు కనుక్కోవాలి. ఇలా మొదలుపెట్టొచ్చు:

"నాన్నా, మొన్న డాక్టరు గారు చెప్పిందాంట్లో నీకేం అర్థమైంది?"

"ఏముందిరా, నీరసం అంటున్నారు. తగ్గుతుందంటున్నారు."

"నీకేమనిపిస్తోంది?"

ఇక్కడ ఆగండి. తొందరపడి ఇంకో ప్రశ్న వేయకండి. ఆ నిశ్శబ్దం ఎంతసేపైనా పట్టనివ్వండి. చాలామంది ఇక్కడే "తగ్గేది కాదులేరా, నాకు తెలుసు" అంటారు. అనకపోతే, "నీ జబ్బు గురించి అన్నీ నీకు చెప్పమంటావా, లేక డాక్టరుతో మేం మాట్లాడుకుంటే చాలా?" అని అడగండి. "మీరే చూసుకోండి, నాకేం చెప్పొద్దు" అంటే అది ఆయన హక్కు, అలాగే వదిలేయండి. నిజం తెలుసుకునే హక్కు ఎంతుందో, తెలుసుకోకుండా ఉండే హక్కూ అంతే ఉంది.

మాట కలిశాక, ఒక్క రోజులో కాకుండా కొద్దికొద్దిగా, ఇవి తెలుసుకోండి. చివరిదాకా ఇంట్లోనే ఉండాలనుందా, ఆసుపత్రే ధైర్యమా? సొంతూరికి వెళ్ళాలనుందా? అన్నిటికంటే భయం దేనికి: నొప్పికా, ఊపిరాడకపోవడానికా, ఒకరి మీద ఆధారపడడానికా, అప్పులకా? ఎవరిని చూడాలనుంది? తెలివి లేని స్థితి వస్తే ఎవరి మాట నడవాలి? గొట్టాలు, మిషన్లు పెట్టించుకోవాలనుందా?

ఆడవాళ్ళను ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు. "అమ్మదేముంది, మనమేం చెబితే అదే" అంటారు. అమ్మను విడిగా, మిగతావాళ్ళు లేనప్పుడు అడిగి చూడండి. పదేళ్ళుగా మాటల్లేని చెల్లెల్ని ఒకసారి చూడాలనో, గాజుల జత ఫలానా మనవరాలికే ఇవ్వాలనో, అప్పటిదాకా ఎవరికీ తెలియని మాట బయటికొస్తుంది.

అనకూడని మాటలు రెండు ఉన్నాయి. "అలాంటి మాటలు మాట్లాడకు, నీకేం కాదు" అంటే తలుపు మూసేసినట్టే. "ధైర్యంగా పోరాడాలి" అంటే, ఓపిక లేక పడుకున్న రోజున ఆ మనిషి తానే తప్పు చేసినట్టు బాధపడతారు.

3. వైద్య బృందాన్ని వెతుక్కోండి

హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఏళ్ళ తరబడి పనిచేస్తోంది. మార్ఫిన్ అక్కడ దొరుకుతుంది. స్పర్శ్ హాస్పిస్ డబ్బు తీసుకోకుండా చివరి దశలో ఉన్నవాళ్ళను చేర్చుకుంటుంది, ఇంటికీ వచ్చి చూస్తుంది. తెలంగాణలో జిల్లాల్లో ఉన్నవాళ్ళు ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలో ఆలన కేంద్రం గురించి అడగండి. డాక్టరో నర్సో వాహనంలో మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసే ఏర్పాటు అందులో భాగం. ఉత్తరాంధ్రవాళ్ళకు విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మిగతా చోట్ల బోధనాసుపత్రిలో క్యాన్సర్ విభాగంలో గానీ ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టర్లు నడిపే పెయిన్ క్లినిక్‌లో (నొప్పి తగ్గించే విభాగంలో) గానీ వాకబు చేయండి. తిరువనంతపురంలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ మొదలుపెట్టిన పాలియం ఇండియా సంస్థకు 'సాథ్ సాథ్' అనే హెల్ప్‌లైన్ ఉంది, మీకు దగ్గర్లో ఏ కేంద్రం ఉందో చెబుతారు.

ఎక్కడ చేరినా మొదటి రోజే ఒక్క ప్రశ్న అడగండి: "రాత్రి పూట ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?" జవాబు లేని చోట, ఊళ్ళో ఫోన్ ఎత్తే ఎంబీబీఎస్ డాక్టరును ఒకరిని ముందే కలిసి కాగితాలన్నీ చూపించి పెట్టుకోండి. ఆశా కార్యకర్తకూ ఏఎన్ఎంకూ ఇంట్లో ఇలాంటి రోగి ఉన్నారని చెప్పండి. గొట్టం మార్చడానికి, పుండు కట్టు కట్టడానికి ఎవరిని పిలవాలో వాళ్ళకు తెలుస్తుంది.

4. నొప్పి: మార్ఫిన్ గురించి తెలుసుకోవాల్సినవి

మార్ఫిన్ పేరెత్తగానే ఇళ్ళలో గొడవ మొదలవుతుంది. మత్తుమందట, అలవాటు పడిపోతారట, అది రాశారంటే అయిపోయినట్టేనట. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే మార్ఫిన్ ప్రాణం తీయదు. నొప్పికి వాడేవాళ్ళు వ్యసనపరులు కావడం అరుదు. తీవ్రమైన నొప్పికి దీన్ని వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986 నుంచీ చెబుతోంది. మార్ఫిన్ తయారయ్యే నల్లమందు మన దేశంలో చట్టబద్ధంగా పండుతుంది, మాత్ర చవక, అయినా మనవాళ్ళకే అందదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద లైసెన్సుల మీద లైసెన్సులు కావాల్సి రావడంతో ఆసుపత్రులే దాన్ని పెట్టుకోవడం మానేశాయి. 2014 సవరణతో దారి సులువైంది. గుర్తింపు ఉన్న ఆసుపత్రి డాక్టరు చీటీ మీద అక్కడే ఇస్తారు. వీధి చివర మెడికల్ షాపులో వెతికి లాభం లేదు.

వాడే తీరు తెలిస్తే సగం భయం పోతుంది. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది నాలుగు గంటలే. కాబట్టి నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి వేయాలి. సాధారణంగా ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని రాస్తారు. రాత్రి 2 గంటలకు లేపకుండా, 10 గంటల మోతాదు రెట్టింపు చేసి రాసే డాక్టర్లు ఎక్కువ. ఆ మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వేయడానికి అదనపు మాత్ర విడిగా చెబుతారు. అది ఎన్నిసార్లు వాడారన్నదాన్ని బట్టే మోతాదు పెంచుతారు. అందుకని పిల్లల పాత నోట్‌బుక్ ఒకటి మంచం పక్కన పెట్టుకోండి. ఒక పేజీ ఇలా ఉంటే చాలు:

*మంగళవారం. 6 – వేశాం. 10 – వేశాం. 12:30 – నడుము నొప్పి, పదికి 7, అదనపు మాత్ర. 1:15 – నొప్పి 3, పడుకున్నారు. 2 – వేశాం. 6 – వాంతి, పావుగంట తర్వాత మళ్ళీ వేశాం. 10 – రెండు మాత్రలు. విరేచనం లేదు, రెండో రోజు.*

ఈ పేజీ చూస్తే డాక్టరుకు ఇంకేం చెప్పక్కర్లేదు. వేసిన వెంటనే వాంతయితే మళ్ళీ వేయాలా వద్దా అన్నది మాత్రం ముందే అడిగి పెట్టుకోండి.

మార్ఫిన్ మొదలైన రోజునే విరేచనాల మందూ మొదలవ్వాలి. డాక్టరు రాయకపోతే మీరే అడగండి. వికారం, మగత మొదటి కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం మాత్రం సర్దుకోదు, మార్ఫిన్ ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. సునాముఖి ఆకుతో చేసే సెన్నా మాత్రలో, బిసాకోడిలో, లాక్టులోజ్ సిరప్పో రోజూ పడాల్సిందే. నొప్పి తగ్గినా మలబద్ధకం భరించలేక మార్ఫిన్ మానేసినవాళ్ళు చాలామంది ఉంటారు.

కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళలో మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది. ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. పిలిచినా కదిపినా లేవనంత మగత, ఊపిరి బాగా నెమ్మదించడం, కంటిపాప చుక్కలా చిన్నదైపోవడం కనిపిస్తే తర్వాతి మోతాదు ఆపి వెంటనే ఫోన్ చేయండి. ఉన్నట్టుండి మొత్తం మానేయడం కూడా మంచిది కాదు. ఫెంటనిల్ పట్టీ (చర్మానికి అంటించే నొప్పి మందు) వాడేవాళ్ళయితే పట్టీ మీద వేడినీళ్ళ సంచి కాపడం పెట్టకండి, మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. ఆర్‌ఎంపీ చేత రోజుకో డైక్లోఫెనాక్ సూది వేయించడం చాలా ఊళ్ళలో కనిపించే పని. దాంతో కిడ్నీలూ కడుపూ పాడవడం తప్ప ఈ నొప్పికి అది సరిపోదు.

5. ఇంటిని సిద్ధం చేసుకోవడం

మంచం గాలీ వెలుతురూ వచ్చే చోట, నలుగురు తిరిగే చోట ఉండాలి. వెనక గదిలో పడేయకండి. గాలి పరుపు కొనాల్సిన పని లేదు, అద్దెకు దొరుకుతుంది. గాలి పరుపు ఉన్నా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మడమలు, తుంటి, నడుము కింద చర్మం ఎర్రబడిందేమో రోజూ స్నానం చేయించేటప్పుడు చూడండి. పుండు పడ్డాక మాన్పడం కంటే పడకుండా చూసుకోవడం వెయ్యి రెట్లు తేలిక. క్యాన్సర్ పుండు వాసన వస్తుంటే మనిషి సిగ్గుతో ఎవరినీ దగ్గరికి రానివ్వరు. శుభ్రం చేశాక మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి చల్లితే వాసన బాగా తగ్గుతుంది. పాలియేటివ్ నర్సులందరికీ తెలిసిన చవకైన ఉపాయం, వాళ్ళ చేతే నేర్చుకోండి.

నోరు, గొంతు క్యాన్సర్లు మన దగ్గర ఎక్కువ. వీటిలో మెడ దగ్గర ఒక్కసారిగా రక్తం రావచ్చు. డాక్టరు ఆ ముప్పుందని చెబితే, ముదురు రంగు తువ్వాళ్ళు మూడు నాలుగు మంచం కిందే ఉంచుకోండి. తెల్లగుడ్డ మీద రక్తం చూసి రోగీ ఇంట్లోవాళ్ళూ హడలిపోతారు, మెరూన్ తువ్వాలు మీద అంత కనిపించదు. అవతలి గదిలోకి పరిగెత్తకుండా ఒకరు చేయి పట్టుకుని పక్కనే ఉండాలి.

ఆయాసానికి ఆక్సిజన్ సిలిండర్ తేవడానికి ముందు కిటికీ తెరవండి, వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి, చిన్న ఫ్యాను గాలి సూటిగా ముఖానికి తగిలేలా పెట్టండి. ఒంట్లో ఆక్సిజన్ శాతం మామూలుగానే ఉన్నవాళ్ళకు సిలిండర్ కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది. తక్కువ మోతాదు మార్ఫిన్ ఆయాసానికీ వాడతారు.

ఇక తిండి. ఇంటింటా పోరు దీని గురించే. "రెండు ముద్దలు తినకపోతే ఓపికెలా వస్తుంది?" అని బలవంతంగా కుక్కుతారు. జబ్బు ముదిరినందువల్ల ఆకలి చచ్చిపోయింది గానీ, తినకపోవడం వల్ల జబ్బు ముదరలేదు. అడిగినప్పుడు అడిగినంత పెట్టండి: నాలుగు చెంచాల జావ, పలుచని మజ్జిగ, ఐస్ ముక్క, ఇష్టమైతే నాలిక్కి ఆవకాయ రాసి పెట్టినా తప్పులేదు. షుగర్ ఉందని ఇప్పుడు మైసూర్‌పాక్ దాచేయడంలో అర్థం లేదు. మింగలేని మనిషికి పడుకోబెట్టి పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి.

ఏమీ తినడం లేదని సెలైన్ ఎక్కించడం ఇంకో అలవాటు. చివరి వారాల్లో ఆ నీటిని ఒళ్ళు వాడుకోలేదు. కాళ్ళ వాపు, ఊపిరితిత్తుల్లో నీరు, గొంతులో గురగుర పెరుగుతాయి. ఏదో చేస్తున్నామన్న తృప్తి మనకు, సూదులు గుచ్చించుకోవడం ఆయనకు. దాని బదులు గంటకోసారి తడిపిన మెత్తటి గుడ్డతో నోరు తుడిచి, పెదాలకు కాస్త వెన్న రాయండి. దాహం బాధ తగ్గేది దాంతోనే.

6. కాగితాలు

*లివింగ్ విల్.* తెలివి లేని స్థితి వస్తే తనకు ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టుకునే కాగితం ఇది. గౌరవంగా చనిపోయే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలో భాగమని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో తీర్పు చెప్పింది. అప్పుడు పెట్టిన విధానం మరీ చిక్కుగా ఉండడంతో 2023 జనవరి 24న సడలించింది. ఇప్పుడు 18 ఏళ్ళు నిండి, తెలివిలో ఉన్న ఎవరైనా తమ ఇష్టంతో, ఇద్దరు సాక్షుల ముందు, నోటరీ దగ్గర గానీ గెజిటెడ్ అధికారి దగ్గర గానీ దీన్ని రాసుకోవచ్చు. మేజిస్ట్రేటు సంతకం అక్కర్లేదు. ఏ పరిస్థితిలో ఏ చికిత్స వద్దు (వెంటిలేటర్, డయాలసిస్, ముక్కు గొట్టం తిండి, గుండె ఆగితే ఛాతీ నొక్కడం), తన తరఫున ఎవరు మాట్లాడాలి అన్నది స్పష్టంగా ఉండాలి. ఒకరి కంటే ఎక్కువమంది పేర్లు రాయొచ్చు. ఒక ప్రతి వాళ్ళకు, ఒకటి డాక్టరుకు, ఒకటి పంచాయతీ లేదా మున్సిపాలిటీలో నియమించిన అధికారికి ఇవ్వాలి. ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు.

అమలు దగ్గర ఒక మెలిక ఉంది. రోగి తెలివిలో లేక ఆసుపత్రిలో మిషన్ల మీద ఉన్నప్పుడు, చూస్తున్న డాక్టరు, కనీసం ఐదేళ్ళ అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు కలిసి బోర్డుగా చూస్తారు. తర్వాత జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టరుతో కూడిన రెండో బోర్డు చూస్తుంది. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో చెప్పాలి. అమలుకు ముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు సమాచారమిస్తుంది. లివింగ్ విల్ లేకపోయినా కుటుంబం సమ్మతితో ఇదే దారి ఉంది. సూది వేసి ప్రాణం తీయడం మాత్రం నేరమే, దీనికీ దానికీ సంబంధం లేదు. తెలివిలో ఉన్న మనిషి "నాకు ఐసీయూ వద్దు, ఇంట్లోనే ఉంటాను" అంటే ఈ బోర్డుల పనే లేదు. చికిత్స వద్దనే హక్కు ఆ మనిషికి ఎప్పుడూ ఉంది.

అందువల్ల నా మాట అడిగితే, ఇంట్లో ఉన్న రోగికి ఆ నోటరీ కాగితం కంటే ముందు కావాల్సింది డాక్టరు చేతిరాత: "జబ్బు చివరి దశలో ఉంది, రోగి, కుటుంబం కోరిక మేరకు ఇంట్లో ఉపశమన చికిత్స అందిస్తున్నాం, గుండె ఆగితే తిరిగి కొట్టించే ప్రయత్నం వద్దని నిర్ణయం" అని లెటర్‌హెడ్ మీద, తేదీతో. ఇలాంటి నిర్ణయాన్ని ఎలా తీసుకోవాలి, ఎలా నమోదు చేయాలి అన్నదాని మీద 2020లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు ఇచ్చింది.

*ఆస్తి, డబ్బు.* వీలునామా రాయమంటే చావు కోరుకున్నట్టుంటుందని వాయిదా వేస్తారు. తర్వాత అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కుతారు. వీలునామా తెల్లకాగితం మీద కూడా చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు ఉండాలి, వాటా తీసుకునేవాళ్ళు సాక్షులు కాకూడదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మేలు. మంచాన పడ్డవాళ్ళయితే సబ్‌రిజిస్ట్రారు ఇంటికొచ్చే వీలు చట్టంలోనే ఉంది. బ్యాంకు ఖాతాకు నామినీ, ఎవరైనా ఒకరు తీసుకునేలా ఉమ్మడి ఖాతా, పీఎఫ్, ఎల్ఐసీ, ఇచ్చిన అప్పులు, తెచ్చిన అప్పులు ఒక పేజీలో రాయించండి. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15 వేలు, డయాలసిస్‌లో ఉన్న కిడ్నీ రోగులకు 10 వేలు పింఛను 2024 జులై నుంచి ఇస్తున్నారు. అర్హత ఉంటే సచివాలయంలో దరఖాస్తు చేయండి.

7. అర్ధరాత్రికి ఒక చీటీ

పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. పైన జబ్బు పేరు, వాడుతున్న మందులు. కింద ఎవరికి మొదట ఫోన్ చేయాలి, ఎవరికి రెండోది. ఆ కింద రెండు భాగాలు.

ఆసుపత్రికి వెళ్ళాల్సినవి: ఉన్నట్టుండి కాళ్ళు చచ్చుబడడం, మూత్రం బంద్ కావడం, కిందపడి ఎముక విరగడం, ఎన్ని అదనపు మాత్రలకూ లొంగని నొప్పి. ఇవి చివరి దశలోనూ ఉపశమనం దొరికే సమస్యలు.

ఇంట్లోనే చూసుకోవాల్సినవి: తినకపోవడం, ఎక్కువసేపు నిద్ర, చేతులు కాళ్ళు చల్లబడడం, గొంతులో గురగుర. వీటికి 108 పిలిస్తే వాళ్ళ పని వాళ్ళు చేస్తారు: ఆక్సిజన్, ఛాతీ నొక్కడం, దగ్గర్లోని క్యాజువాలిటీ. అక్కడినుంచి వెంటిలేటర్‌కు ఎంతో దూరం లేదు.

చీటీలోని నిర్ణయాలు ఇంట్లో ఉన్నవాళ్ళకే కాదు, దూరంగా ఉన్నవాళ్ళకూ తెలియాలి. ఆరు నెలలుగా సేవ చేస్తున్న కోడలు, చిన్న కొడుకు ఒక మాట అనుకుని ఉంటారు. విమానం దిగిన పెద్దబ్బాయి "ఇంకా ఐసీయూలో ఎందుకు పెట్టలేదు?" అని అందరినీ నిలదీస్తాడు. 1991లో అమెరికాలో ఒక వైద్య పత్రిక దీనికి 'కాలిఫోర్నియా కూతురు' అని పేరే పెట్టింది. మన ఇళ్ళలో ఆ కూతురు నిజంగానే కాలిఫోర్నియాలో ఉంటుంది. కోపం వెనక ఉన్నది దూరంగా ఉండిపోయానన్న బాధ. ముందే వీడియో కాల్‌లో డాక్టరుతో మాట్లాడించండి, వారానికోసారి నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి పంపండి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ఓనరుతోనూ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తోనూ ముందే మాట్లాడుకోవాలి. అద్దె ఇంటికి శవాన్ని తేనివ్వం అనే ఓనర్లు నగరాల్లో ఉన్నారు. ఒప్పుకోకపోతే ఊరికి ఎప్పుడు తీసుకెళ్ళాలో, ఎవరింట్లో ఉండాలో ఇప్పుడే తేల్చుకోండి. ధనిష్ఠా పంచకంలో పోతే ఇల్లు మూయాలన్న నమ్మకం ఉన్నవాళ్ళు శాంతి ఏమిటో పంతులుగారిని ముందుగానే అడగండి. ఇంట్లో ప్రాణం పోకూడదని, ఎగశ్వాస తీస్తున్న మనిషిని మంచం మీంచి లేపి వసారాలోకి మోసుకొచ్చే పని నాకు ఎన్నడూ సబబనిపించలేదు.

8. సేవ చేసేవాళ్ళ సంగతి

చాలా ఇళ్ళలో భారమంతా ఒక్క ఆడమనిషి మీదే పడుతుంది. రాత్రి కాపలా వంతులు కాగితం మీద రాయండి, మగవాళ్ళ పేర్లు కూడా అందులో ఉండాలి. డైపర్ మార్చడం, పక్క మార్చడం నర్సు వచ్చిన రోజున ఇద్దరు ముగ్గురు నేర్చుకోండి. "ఏమైనా కావాలా?" అని అడిగే బంధువులకు పని చెప్పండి: మంగళవారం భోజనం మీరు పంపండి, శుక్రవారం మధ్యాహ్నం మీరొచ్చి కూర్చోండి అని. మనసు మరీ బరువెక్కితే ప్రభుత్వ టెలీమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

9. చివరి రెండు మూడు రోజులు

రోజంతా నిద్ర. మూత్రం తగ్గి చిక్కబడుతుంది. మోకాళ్ళు, పాదాల మీద నీలి మచ్చలు. ఊపిరి కాసేపు వేగంగా, తర్వాత ఆగిపోయినట్టై, మళ్ళీ మొదలవుతుంది. గొంతులో గురగుర వినేవాళ్ళకు భయంకరంగా ఉంటుంది గానీ, ఆ మనిషికి అప్పటికి అంత తెలియదంటారు వైద్యులు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, గొట్టం వేసి లాగించకండి. దీనికి గ్లైకోపైరోలేట్ లాంటి సూది ఉంది, ముందే తెప్పించి పెట్టుకుంటారు. చనిపోయిన తల్లి కనబడుతోందని, ఎవరో పిలుస్తున్నారని అంటే వాదించకండి, దీపం చిన్నగా ఉంచి పక్కన కూర్చోండి. బీపీ, షుగర్, కొలెస్టరాల్ మాత్రలు ఈపాటికి ఆపేయొచ్చేమో డాక్టరును అడగండి. నొప్పి మందు మాత్రం ఆగకూడదు. మింగలేకపోతే ఏ దారిన ఇవ్వాలో ముందే చెప్పించుకోండి.

వినికిడి చివరిదాకా ఉండొచ్చు. మంచం దగ్గర పొలం పంచాయతీలు, అంత్యక్రియల ఖర్చులు మాట్లాడకండి. తులసి తీర్థమో, మక్కా నుంచి తెచ్చిన జమ్‌జమ్ నీళ్ళో, పాస్టరు గారి ప్రార్థనో వాళ్ళ నమ్మకాన్ని బట్టి. నీళ్ళు పోసేటప్పుడు పెదాలు తడిపితే చాలు, గొంతులో పోయకండి.

10. పోయాక

టైము చూసి రాసుకోండి. ఇంకే పనికీ తొందర లేదు, ఒక్క కళ్ళదానానికి తప్ప. దానికి ఆరు గంటల్లోపు ఐ బ్యాంకువాళ్ళు రావాలి. ఫ్యాను ఆపి, కళ్ళు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టండి. క్యాన్సర్ రోగుల కళ్ళు కూడా చాలావరకు పనికొస్తాయి, రక్త క్యాన్సర్ లాంటివి మినహా.

ఇంతకాలం చూసిన డాక్టరును పిలిచి మరణ కారణం ధ్రువపత్రం రాయించుకోండి, ఇంట్లో పోయినవాళ్ళకు అది 4ఎ ఫారం. ఆ డాక్టరు లేక, శరీరాన్ని క్యాజువాలిటీకి తీసుకెళ్తే "దారిలోనే చనిపోయారు" అని రాసి పోలీసు కేసు, పోస్టుమార్టం దాకా పోయే సందర్భాలున్నాయి. పాత రిపోర్టుల ఫైలు చేతిలో ఉంచుకోవాలి. 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించండి, ఆ తర్వాతైతే రుసుము, అనుమతులు. ధ్రువపత్రాలు ఐదారు ప్రతులు తీసుకోండి, బ్యాంకు, ఎల్ఐసీ, ఫ్యామిలీ పింఛను, కరెంటు మీటరు అందరూ అడుగుతారు. ప్రభుత్వాసుపత్రిలో పోయినవాళ్ళను ఊరికి చేర్చడానికి తెలంగాణలో పరమపద వాహనం, ఆంధ్రలో మహాప్రస్థానం వాహనం ఉచితం.

మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి, తెచ్చిన కేంద్రంలోనే తిరిగి ఇచ్చి రాయించుకోండి. ఇంకో రోగికి ఇవ్వడం, బీరువాలో దాచడం రెండూ కూడదు. అద్దె పరుపు, ఆక్సిజన్ మిషన్ వెనక్కి పంపి డిపాజిట్ తీసుకోండి. సొంతంగా కొన్న వీల్‌చైర్, కమోడ్ కుర్చీ అదే కేంద్రానికి ఇస్తే, ఆ వారంలోనే ఇంకో ఇంటికి చేరతాయి.